యురేనియం ఉన్న ఆటపెట్టె

ఒరేయ్ శీనూ,

మీవాడి పుట్టినరోజుకి సైన్స్ కిట్ ఏది కొనాలో చెప్పమన్నావు కదా. చెప్తాను గానీ, ముందు ఇది విను.

1950లో అమెరికాలో పిల్లలకి యురేనియం అమ్మారురా! గిల్బర్ట్ అనే ఆటవస్తువుల కంపెనీ. దాని యజమాని 1908 ఒలింపిక్స్‌లో పోల్‌వాల్ట్ స్వర్ణం కొట్టినవాడు, మామూలు ఘటం కాదు. ఆ కిట్ పేరు 'యు-238 అటామిక్ ఎనర్జీ లాబొరేటరీ'. తెరిస్తే నాలుగు సీసాల్లో యురేనియం ఖనిజం ముక్కలు, రేడియోధార్మికతని పసిగట్టే గైగర్ కౌంటర్ ఒకటి, క్లౌడ్ చాంబర్. అణుబాంబు ప్రాజెక్టు నడిపిన జనరల్ గ్రోవ్స్ సలహాలతో తయారైన కామిక్ పుస్తకం కూడా ఉండేది. ముక్కల్ని సీసాల్లోంచి తీయొద్దు, పొడి రాలుతుంది అని మాన్యువల్‌లో హెచ్చరిక. పిల్లలు వినేరకమే!

నాకు కుళ్లు పుట్టించింది మాత్రం ఆ క్లౌడ్ చాంబరే. ఆవిరి నిండిన గాజు గదిలోంచి, యురేనియం విడిచే ఆల్ఫా కణం దూసుకెళ్తే దాని వెనకే సన్నటి తెల్లగీత పడుతుంది, చూస్తుండగానే చెదిరిపోతుంది. మనకేమో ఆల్ఫా, బీటా, గామా అని బట్టీ పట్టించారు.

ప్రమాదమని నిషేధించారనుకుంటావు. అదేం కాదు, ధర 49.50 డాలర్లు! అప్పట్లో ఆటవస్తువుకి అంత ఎవరు పెడతారు? ఐదువేలు కూడా అమ్ముడుపోలేదు, 1951 తర్వాత ఆపేశారు. ప్రమాదకరమైన ఆటవస్తువుల్ని నిషేధించే చట్టం 1966లో గానీ రాలేదు.

నన్నడిగితే అసలు భయం మామూలు కెమిస్ట్రీ సెట్లతోనే. పాతకాలం సెట్లు కొన్నింట్లో సోడియం సయనైడ్ ఉండేది. సూరేకారం, గంధకం సరేసరి, దీపావళికి మనూళ్లో మందు దంచేవాళ్లం కదా, అదే సరుకు.

ఇప్పటి కిట్లు విప్పి చూశాను. వంటసోడా, వెనిగర్, రంగునీళ్లు. మీవాడికి అరగంటలో బోరు కొడుతుంది. అందుకని కొనకు. వేసవిలో నేనొచ్చినప్పుడు క్లౌడ్ చాంబర్ మనమే కడదాం. గాజుతొట్టి, నల్లగుడ్డ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్), టార్చిలైటు చాలు. యురేనియం అక్కర్లేదు, ఆకాశంలోంచి వచ్చే కాస్మిక్ కిరణాలే గీతలు గీస్తాయి. కిటికీలు తీసి పెట్టాలి, దగ్గర్లో మంట ఉండకూడదు, డ్రై ఐస్‌ని వట్టి చేత్తో ముట్టుకోకూడదు, అంతే.

డ్రై ఐస్ మీ ఊళ్లో ఎక్కడ దొరుకుతుందో కనుక్కో. చెల్లెమ్మకి మాత్రం ముందే చెప్పకు.

నీ
రాంబాబు