పుష్కరానికి ముందు ఒక సీసా నీళ్లు

తూర్పు గోదావరి జిల్లా కలెక్టర్ గారికి,

మేం దేవుణ్ణి నమ్మం. అయినా పుష్కర స్నానం ఆపమనడం లేదు. బృహస్పతి సింహరాశి ప్రవేశాన్ని పంచాంగం లెక్కగడుతుంది. ఆ గ్రహం సూర్యుణ్ణి చుట్టిరావడానికి 11.86 ఏళ్లని ఖగోళశాస్త్రం చెబుతుంది. ఇక్కడ పేచీ లేదు.

పేచీ అంతా రేవు నీళ్లతోనే. కోటిలింగాల రేవులోనూ, కొవ్వూరు గోష్పాదంలోనూ జనం దిగేచోటే, అడుగు లోతున, స్టెరిలైజ్ చేసిన సీసాను ప్రవాహానికి ఎదురుగా పట్టి నమూనా తీయించండి. ఐసుపెట్టెలో ఆరు గంటల్లోపు ల్యాబుకు చేరాలి. ఎండలో ఉంటే అంకె తప్పుతుంది. 100 మిల్లీలీటర్లలో మలసంబంధ కోలిఫాం (నీళ్లలో మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) 2,500 దాటితే ఆ రేవు మూయించండి. 500 లోపుంటే మేలు. రద్దీ మొదలవకముందు తెల్లారుజామున తీసిన ఒక్క నమూనా చూపి ‘అంతా బాగుంది’ అనొద్దు (అది మా దృష్టిలో ఇంకో మూఢనమ్మకం). ఫలితాలు మెట్ల దగ్గరే రాసి పెట్టండి.

స్నానానికి పనికొచ్చిన నీళ్లు తీర్థానికి పనికిరావు. పక్కనే క్లోరినేషన్ చేసిన నీళ్ల కుళాయిలుండాలి.

ఇట్లు,
కొందరు నాస్తికులు, రాజమహేంద్రవరం