ఛాంపియన్‌ను ముందుగా పిలిచిన రాత్రి

హైదరాబాద్

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమంగానే ఉన్నాం; అమ్మ నిన్ను ప్రత్యేకంగా అడిగానని రాయమంది. నల్లజాతి అమెరికన్ బాక్సర్ టెరెన్స్ క్రాఫర్డ్ గురించి నువ్వు రాసింది చదివినప్పటి నుంచి నీకు జవాబు రాస్తే గాని మనసు నిలవదనిపించింది. ఎంత గొప్ప బాక్సర్ అయినా జనాన్ని పట్టుకునే ఆకర్షణ అతనిలో లేదు కాబట్టే పెద్ద తార కావడానికి అంత ఆలస్యమైందన్నావు. 2017లోనే 140 పౌండ్ల బరువు విభాగంలో నాలుగు ప్రపంచ ఛాంపియన్ బెల్టులూ గెలిచిన మనిషి, 2025 సెప్టెంబరులో లాస్ వేగాస్‌లో మెక్సికో తార కనెలో అల్వారెజ్‌ను ఓడించేదాకా బాక్సింగ్ అభిమానుల వలయం దాటి పెద్దగా తెలియకపోవడానికి అతని మితభాషిత్వం ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోలేను. నా ఉద్దేశంలో ఆకర్షణ అన్నది సగమే బాక్సర్‌లో ఉంటుంది. మిగతా సగం, అతన్ని మనవాడు అనుకోవడానికి ముందే సిద్ధపడి కూర్చున్న జనంలో ఉంటుంది. అటువంటి జనం ఎవరికి పుట్టుకతోనే దొరుకుతారో, ఎవరు జీవితమంతా వెతుక్కోవాలో అమెరికాలో చాలాకాలం జాతే నిర్ణయించింది.

నల్లజాతి బాక్సర్ లారీ హోమ్స్ సంగతే చూడు. 1982 జూన్ 11న లాస్ వేగాస్‌లోని సీజర్స్ ప్యాలెస్‌లో అతను తెల్లజాతి బాక్సర్ గెర్రీ కూనీతో తలపడ్డాడు. హోమ్స్ అప్పటికి 39 పోటీలాడి ఒక్కటీ ఓడని హెవీవెయిట్ ఛాంపియన్. కూనీ ఆడినవి 25. అన్నీ గెలిచాడు, నిజమే, అతని ఎడమచేతి దెబ్బ భయంకరమైనదే, 1981లో మాజీ ఛాంపియన్ కెన్ నార్టన్‌ను 54 సెకన్లలో పడగొట్టాడు కూడా. కానీ ఆ తరువాత ఏడాదికి పైగా రింగులోకే దిగలేదు. అయినా పారితోషికం ఇద్దరికీ సమానంగా కుదిరింది. టైమ్ పత్రిక ముఖచిత్రం మీదికి సినీ నటుడు సిల్వెస్టర్ స్టాలోన్ పక్కన కూనీ ఎక్కాడు గాని ఛాంపియన్ ఎక్కలేదు. తెల్లజాతి మళ్లీ హెవీవెయిట్ కిరీటం ధరించబోతోందన్న మాటే ఆ పోటీకి అసలు ప్రచారం; నల్లవాడైన ప్రమోటర్ డాన్ కింగ్ కూడా ఆ మాటతోనే టికెట్లు అమ్మాడు. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధించేది మాత్రం ఒక చిన్న విషయం. రింగులో పేర్లు చదివేటప్పుడు ఛాంపియన్‌ను చివరగా పిలవడం ఆనవాయితీ. ఆ రాత్రి హోమ్స్‌ను ముందు పిలిచి, కూనీని చివరగా పిలిచారు.

హోమ్స్ 13వ రౌండులో గెలిచాడు. నడుము కిందికి కొట్టినందుకు కూనీకి మూడు పాయింట్లు కోత పడ్డాయి. ఆ కోతే లేకపోతే పోటీ ఆగేసరికి ఇద్దరు న్యాయనిర్ణేతల లెక్కలో కూనీయే ముందుండేవాడని తెలిశాక, అన్ని రౌండ్లూ జాబ్‌తో, అంటే ముందుచేతి సూటి దెబ్బతో, అతన్ని అదుపు చేసిన హోమ్స్ శ్రమ ఆ కళ్లకు ఏమాత్రం కనబడిందా అని ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. కూనీ మంచివాడు, జాతి పేరుతో జరిగిన ఆ ప్రచారం అతనికి నచ్చలేదు, తరువాత వాళ్లిద్దరూ స్నేహితులయ్యారు. కాబట్టి నా ఫిర్యాదు అతని మీద కాదు.

దీని వేళ్లు ఇంకా లోతుకు పోతాయి. 1908లో మొదటి నల్లజాతి హెవీవెయిట్ ఛాంపియన్ అయిన జాక్ జాన్సన్‌ను ఓడించడానికి, ఎప్పుడో విరమించుకున్న తెల్లజాతి మాజీ ఛాంపియన్ జేమ్స్ జెఫ్రీస్‌ను వెనక్కి పిలిపించారు. 1910 జూలై 4న రీనోలో జాన్సన్ అతన్ని చిత్తు చేసిన రాత్రి అమెరికాలోని పట్టణాల్లో నల్లవాళ్ల మీద దాడులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ నీడ ఎంతకాలం నిలిచిందంటే, తరువాతి నల్లజాతి హెవీవెయిట్ ఛాంపియన్ జో లూయిస్‌ను తయారుచేసిన నల్లజాతి మేనేజర్లు అతనికి పంచ్‌లతోపాటు నియమాలూ నేర్పారు: పడిపోయిన ప్రత్యర్థిని చూసి సంబరపడకూడదు, తెల్ల స్త్రీ పక్కన ఫోటో దిగకూడదు. 1938లో జర్మన్ మాక్స్ ష్మెలింగ్‌ను మొదటి రౌండులోనే ఓడించినప్పుడు గాని దేశమంతా అతన్ని తనవాడనుకోలేదు. అప్పుడైనా అవతల నిలబడింది హిట్లర్ జర్మనీ మనిషి కావడం వల్ల!

నల్లజాతివాడైనా జనం మెచ్చిన షుగర్ రే లెనార్డ్ పేరు నువ్వు వెంటనే ఎత్తుతావని తెలుసు. 1976 మాంట్రియల్ ఒలింపిక్ స్వర్ణం, ఆ నవ్వు, కొడుకుతో కలిసి చేసిన సెవెనప్ ప్రకటన. ఒప్పుకుంటాను, అతని ఆకర్షణ నిజమైనదే. కాని ఒలింపిక్స్ టీవీ అతన్ని జాతీయ జెండాతో కలిపి ప్రతి ఇంటికీ పరిచయం చేసింది. ఆ పరిచయం అదే కాలపు నల్లజాతి మిడిల్‌వెయిట్ ఛాంపియన్ మార్విన్ హాగ్లర్‌కు దొరకలేదు, హోమ్స్‌కూ దొరకలేదు. ఇక ఫ్లాయిడ్ మేవెదర్ మరో దారి పట్టాడు: ‘ప్రెటీ బాయ్’ (అందగాడు) అన్న ముద్దుపేరు వదిలేసి, ‘మనీ’ అని డబ్బు పేరే తన పేరుగా పెట్టుకుని, తను ఓడిపోతే చూద్దామని వచ్చేవాళ్ల చేత కూడా డబ్బు కట్టించాడు. 2007లో డి లా హోయాతో పోటీని 24 లక్షల ఇళ్లలో, 2015లో పాక్వియావోతో పోటీని 46 లక్షల ఇళ్లలో కొనుక్కుని చూశారు. జనం ప్రేమ అందనప్పుడు ద్వేషాన్నే ఆదాయంగా మార్చుకున్న ఆ తెలివిని నేను మెచ్చుకుంటాను, కాని ఒక ఆటగాడికి అది తప్పనిసరి కావడం నాకు బాధగానే ఉంటుంది.

ఇదంతా అమెరికా గొడవ అనుకోకు. మేరీ కోమ్ జీవితం 2014లో సినిమాగా వచ్చినప్పుడు ఆ మణిపూర్ స్త్రీ పాత్రను ప్రియాంక చోప్రా పోషించింది. కథ అమ్ముడుపోతుంది గాని ఆ ప్రాంతపు ముఖం అమ్ముడుపోదని ఎవరో లెక్కవేసినట్లే నాకు తోచింది. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆమె మన అమ్మాయి అని హైదరాబాద్ గర్వంగా చెప్పుకుంది, అది నాకెంతో సంతోషం. అదే నిజామాబాద్ నుంచి వచ్చిన బాక్సర్ హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లోనూ, 2023 ప్రపంచ పోటీల్లోనూ కాంస్యాలు తెచ్చాడు. ఈ నగరంలో అతని పేరు తెలిసినవాళ్లు నాకు అరుదుగా తారసపడతారు. అతనిలోనూ ఆకర్షణే తక్కువంటావా, లేక అతని కథను మన ముందుకు తెచ్చినవాళ్లే లేరంటావా? వచ్చే ఉత్తరంలో దీనికి జవాబు రాయి, వీలైతే హోమ్స్, కూనీల పోటీ మొత్తం చూసి మరీ రాయి.

నీ మిత్రుడు