నీ నవల చదివినవాళ్ళ మాటలు

చి. చిన్నీకి,

అమ్మ ఆశీస్సులు. నీ నవల డ్రాఫ్టు చదివాను. దాన్ని ముందుగా చదివిపెట్టినవాళ్ళు రాసిన అభిప్రాయాలు కూడా చదివాను. "ఒకళ్ళు పెంచమన్నదాన్నే ఇంకొకళ్ళు తీసేయమంటున్నారు, ఎవరి మాట వినాలో చెప్పమ్మా" అని అడిగావు. అందరి మాటా వినక్కర్లేదు. వాళ్ళలో కొందరు నీ పుస్తకం గురించి మాట్లాడారు. మిగతావాళ్ళు తమకు కావలసిన ఇంకేదో పుస్తకం గురించి మాట్లాడారు. రిటైరైనా లెక్చరర్ బుద్ధి పోదు కదా, పెన్సిల్ పట్టుకుని వాటిని విడదీశాను.

ముందు తేలికది చూద్దాం. "ఇద్దరు మగపిల్లల కథ ఇంత హాయిగా ముగుస్తుందా? నమ్మలేకపోయాను" అని ఒకాయన రాశాడు. ప్రేమ నవల చేతిలోకి తీసుకుని, చివర్లో జంట కలిసిందని కోప్పడితే ఎలా? మా రోజుల్లో నవలలు అద్దెకిచ్చే షాపు నుంచి యద్దనపూడి పుస్తకాలు తెచ్చుకునేవాళ్ళం. ఆ మేడ, ఆ కారు, ఆ ఆరడుగుల హీరో మన వీధిలో ఎక్కడున్నాడని ఎవరమూ అడగలేదు. జంట కలవకపోతే మాత్రం షాపాయన్ని కూడా కలిపి తిట్టేవాళ్ళం. ఆడా మగా కథలో ఎవరూ అడగని రుజువు, ఇద్దరు మగవాళ్ళనేసరికి ఎందుకు కావాల్సి వచ్చిందట?

ఈ గొడవ కొత్తదేం కాదు. ఇ.ఎం. ఫార్‌స్టర్ 'మారిస్' నవలను 1914లోనే పూర్తిచేశాడు. అందులో ఇద్దరు మగవాళ్ళు చివరికి కలిసే ఉంటారు. ఉరితాడుతోనో ఆత్మహత్యతోనో ముగించి ఉంటే అచ్చు వేయడానికి ఇబ్బంది ఉండేది కాదని ఆయనే తర్వాత ఒక చోట రాసుకున్నాడు. ఇంగ్లండులో 1967 దాకా మగవాళ్ళ మధ్య అలాంటి సంబంధం నేరం. పుస్తకం 1971లో వచ్చింది, అప్పటికి ఆయన పోయి ఏడాదయింది. ఒక్క ముగింపు మార్చుకోలేక అంతకాలం దాచుకున్నాడు! ఆయన ఇండియా నవల 'ఎ ప్యాసేజ్ టు ఇండియా' పాఠం చెప్పేటప్పుడు నేను అంకితం పేజీ దగ్గర కాసేపు ఆగేదాన్ని. అది సయ్యద్ రాస్ మసూద్‌కి అంకితం. నిజాం కాలంలో హైదరాబాద్ విద్యాశాఖ డైరెక్టర్‌గా చేసిన మనిషి, ఉస్మానియా యూనివర్సిటీ మొదలైన రోజులవాడు. ఫార్‌స్టర్ ఆయన్ని ప్రేమించాడు, ఆయన మాత్రం స్నేహం ఇచ్చాడు. ఈ సంగతి సిలబస్‌లో లేదు. అయినా చెప్పేదాన్ని, వెనక బెంచీలవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

కాబట్టి ముగింపు మార్చకు. ఆఖరి చాప్టర్లో ఒక్కచోట మాత్రం పని మిగిలింది. నీ హీరోలు రవి, మాటేయో ఇద్దరూ అమెరికా నుంచి తెనాలి వస్తారు, పెద్దవాళ్ళు అక్షింతలు వేస్తారు. బాగుంది. అమెరికాలో 2015 నుంచి దేశమంతటా వాళ్ళ పెళ్ళి పెళ్ళే. మరి గన్నవరం ఎయిర్‌పోర్టులో దిగిన క్షణం నుంచి వాళ్ళిద్దరూ చట్టానికి ఏమవుతారు? మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో స్వలింగ సంబంధం నేరం కాదంది. 2023 అక్టోబరులో పెళ్ళి హక్కు మాత్రం తాను ఇవ్వలేనంది. ఆ రెండో కేసులో మొదటి పిటిషనర్లు హైదరాబాద్ జంటే. "మన తెలుగువాళ్ళలో ఇలాంటివి ఉండవు" అని రాసిన నీ కాలేజీ ఫ్రెండ్‌కి ఆ మాట చెప్పు. నీ నవల్లో తెనాలిలో మాటేయోకి ఒంట్లో బాగుండక ఆసుపత్రిలో చేరుస్తారు చూడు, అక్కడ ఫారం నింపేటప్పుడు 'పేషెంటుకు మీరేమవుతారు' అన్న గడి వస్తుంది. రవి అక్కడ ఏం రాశాడో నువ్వు చెప్పలేదు. అది రాస్తే నీ సుఖాంతం ఇంకా గట్టిపడుతుంది.

ఇక నిన్ను బాగా నొప్పించింది, "మొగుడూ పిల్లాడూ ఉన్న ఆడదానివి, గే ప్రేమ రాయడానికి నువ్వెవరు?" అన్న మాట. ఈ ప్రశ్నను ఒక అవార్డు సంస్థే తలకెత్తుకుంది. అమెరికాలో గే, లెస్బియన్ సాహిత్యానికి బహుమతులిచ్చే లాంబ్డా అవార్డులవాళ్ళు 2009లో రచయిత కూడా ఆ సమాజానికి చెందినవాళ్ళే అయి ఉండాలని నియమం పెట్టి, 2011లో చాలామటుకు సడలించుకున్నారు. ఎవరు ఏమిటో సర్టిఫికెట్ ఎవరిస్తారు? బెకీ ఆల్బర్టాలి అనే ఆవిడ గే కుర్రాడి ప్రేమకథ రాసి పేరు తెచ్చుకుంది. బయటిదానివి రాశావంటూ ఏళ్ళతరబడి పోరు పెడితే, 2020లో తాను బైసెక్సువల్‌నని, అంటే ఆడా మగా ఇద్దరి మీదా ఇష్టం కలిగేదాన్నని, బయటికి చెప్పుకోవాల్సి వచ్చింది. తనకు తానుగా చెప్పాలనుకున్న తీరు అది కాదని కూడా రాసింది. జేమ్స్ బాల్డ్విన్ సంగతి చూడు. నల్లజాతి రచయిత, గే మనిషి. 1956లో ఆయన రాసిన గే ప్రేమ నవల్లో ముఖ్యపాత్రలన్నీ తెల్లవాళ్ళే. జాతి బరువు, ఈ ప్రేమ బరువు రెండూ ఒకే పుస్తకంలో అప్పట్లో తాను మోయలేకపోయేవాణ్ణని తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. ఆయన్ని పట్టుకుని నీ మనుషుల గురించి ఎందుకు రాయలేదని అడుగుదామా?

అయితే ఆ ప్రశ్న వేసినావిడనీ, నీకు రెండు పేజీల ఉత్తరం రాసిన ఆ హ్యూస్టన్ గే పాఠకుణ్ణీ ఒకే గాటన కట్టకు. నువ్వు కట్టేశావు. అతను నువ్వెవరని అడగలేదు. నీ హీరోలిద్దరికీ ఒకరు తప్ప ఇంకొకరు లేరేమిటన్నాడు. ఒక గే స్నేహితుడు లేడు, పాత ప్రేమ లేదు, ఇలా బతికి వయసు మళ్ళిన పెద్దమనిషి ఒక్కడూ కనిపించడు. పార్కింగ్ లాట్‌లో చెయ్యి పట్టుకునే ముందు ఇద్దరిలో ఒక్కడూ చుట్టూ చూడడు. "ఆ చూపు మాకు అలవాటైపోయింది, మీ కథలో అది లేదని నాలుగో చాప్టర్లోనే తెలిసిపోయింది" అని రాశాడు. చిన్నీ, ఇంత పనికొచ్చే మాట నీకు ఇంకెవరూ చెప్పలేదు. ఆ ఉత్తరం ప్రింటు తీసి పెట్టుకో.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. 'డైవర్స్ పాత్రలు', అంటే రకరకాల జాతుల, వర్గాల మనుషులు, అన్నమాట నీ పాఠకుల్లో సగంమంది మెచ్చుకోలుగా వాడారు, మిగతా సగం విసుగ్గా వాడారు. విసుక్కున్నవాళ్ళందరూ మనసులు ఇరుకైనవాళ్ళని నువ్వు అనుకుంటున్నావు. అందరూ కాదు. "మెక్సికన్ అంటే అమ్మమ్మ, తమాలీలు, అంతేనా?" అన్న అమ్మాయి ఇంటిపేరు చూశావా? ఆమె ఆ మనుషుల్లోదే. మాటేయోని నువ్వు తెల్లటి పళ్ళతో, మంచి వంటతో, నైట్ షిఫ్టు నర్సుగా చూపించావు. అతను ఎక్కడివాడు? టెక్సాస్ అన్నావు. టెక్సాస్ మన రెండు రాష్ట్రాలూ కలిపినా దానికి రెండింతలకు పైనే ఉంటుంది. మెక్సికో సరిహద్దు పక్కనున్న రియో గ్రాండే లోయవాడైతే ఆ కుటుంబం ఎక్కడికీ వలస రాకపోయి ఉండొచ్చు. అమెరికా, మెక్సికోల 1848 ఒప్పందంతో సరిహద్దే జరిగి వాళ్ళని ఈ పక్కకు చేర్చింది. అక్కడివాళ్ళు "మేం సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది" అంటారు. అలాంటి ఇంటి కుర్రాడు వీసా స్టాంపు కోసం వణికే రవిని ఎలా చూస్తాడు? జాలిపడతాడా, విసుక్కుంటాడా, తన తాతల గురించి గొప్పగా చెప్పుకుంటాడా? ఆ ఒక్క సీను రాస్తే అమ్మమ్మ వంట సీన్లు రెండు తీసేయొచ్చు. పైగా 2019లో వచ్చిన ఆ ప్రెసిడెంటు కొడుకూ ఇంగ్లండు యువరాజూ ప్రేమకథతో నీదాన్ని పోల్చే వాళ్ళుంటారు. అందులో హీరో కూడా టెక్సాస్‌లో పెరిగిన మెక్సికన్ అమెరికనే. అతనికి వైట్ హౌస్ ఉంది. నీవాడికి పన్నెండు గంటల డ్యూటీ, అరిగిపోయిన చెప్పులు ఉన్నాయి. అవే చూపించు.

రవి ఆఫీసులో ఉన్న ఆ నల్లజాతి అమ్మాయి గురించి కూడా ఒకరు సరిగ్గానే పట్టుకున్నారు. పుస్తకం పొడుగునా సలహాలు ఇవ్వడం తప్ప ఆమెకు పనే లేదు. పాత సినిమాల్లో హీరో ఫ్రెండు వేషంలా ఉంది. ఆమెకు ఒక కోపమో, అప్పో, ఇంటికెళ్ళే తొందరో ఇవ్వు, లేకపోతే తీసేయ్.

ఇక అందరికంటే చురుకైన పాఠకురాలు కరీంనగర్ వైపు అమ్మాయి. ఆమె రాసింది ఒకే వాక్యం, "రవి ఇంటిపేరేమిటి?" నీ అమెరికన్ స్నేహితులు ఇది అక్కర్లేదు, కథ క్లిష్టమైపోతుందన్నారు. అక్కడి పుస్తకాల్లో మనవాడు 'ఇండియన్' అయితే చాలు, లెక్క సరిపోతుంది. డాలస్ తెలుగువాళ్ళలో మాత్రం కొత్తవాడు వచ్చిన మొదటి వారంలోనే "మీదే ఊరు, మీ ఇంటిపేరేంటి" అన్న వంకతో కులం కనుక్కుంటారని నీకు నాకంటే బాగా తెలుసు. మా అద్దె నవలల్లో హీరో కులం ఎక్కడా రాసేవాళ్ళు కాదు. రాయకపోయినా మాకందరికీ తెలిసిపోయేది. అప్పట్లో మేం ఊరుకున్నాం, ఈ అమ్మాయి ఊరుకోవట్లేదు.

రవి చదువు పొలం అమ్మి సాగిందా, బ్యాంకు లోను మీద సాగిందా? స్కాలర్‌షిప్పు మీదా? అమ్మిన పొలం అయితే ఇంట్లోవాళ్ళకు అతని పెళ్ళి మీద ఒక రకం హక్కు ఉంటుంది. లోను అయితే నెల నెలా కట్టాల్సింది ఉంటుంది, ఉద్యోగం పోతే తండ్రి జామీను ఉంటుంది. ఆర్. రాజ్ రావు 2003లో రాసిన ఇంగ్లీషు నవల్లో బొంబాయి జర్నలిస్టూ, ఒక దళిత కుర్రాడూ ప్రేమలో పడతారు. అది నీలాంటి తియ్యటి కథ కాదు, దాన్లో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి. కానీ ఆ ఇద్దరి మధ్య కులం ప్రతి గదిలోనూ ఉంటుంది, మంచం మీద కూడా. నీ పుస్తకంలో రవి రూమ్మేట్లు ఆదివారం బిర్యానీ తింటూ రిజర్వేషన్ల గురించి మాట్లాడుకోకుండా ఎలా ఉన్నారో నాకు అర్థం కాలేదు. రవి ఎవరో నువ్వే నిర్ణయించుకో. మన కులంవాడే అయితే ఆ బల్ల దగ్గర నోరు మెదపకుండా కూర్చున్నవాడు అతనే.

అతని తల్లి గురించి ఎవరూ ఒక్క మాట రాయలేదు కాబట్టి నేను రాయాలి. ఫోన్‌లో సంగతి విని గుండె పట్టుకుని కూలబడిపోయింది. తెనాలి ఆడవాళ్ళు అంత తేలిగ్గా కూలబడరమ్మా. ఆవిడ ముందు "సరే, అన్నం తిన్నావా" అని ఫోన్ పెట్టేస్తుంది. తర్వాత నెలల తరబడి వాన గురించీ మామిడికాయల గురించీ మాట్లాడుతుంది. లోపల మాత్రం రవి చెల్లెలి సంబంధం ఎక్కడ చెడుతుందోనని లెక్కలు వేసుకుంటూ ఉంటుంది. ఆ చెల్లెలు నీ నవల్లో రాఖీ పంపడానికి తప్ప కనిపించదు. అన్న సంతోషానికి ఊళ్ళో ఖర్చు కట్టేది ఆ పిల్లే. రవి ఆ సంగతి తెలిసీ ముందుకు వెళ్ళాలి, అప్పుడే మాటేయో మీద అతని ప్రేమ నాకు ఎంతో తెలుస్తుంది.

ఇవన్నీ పెడితే 'సమస్యల నవల' అయిపోతుందని మీ ఎడిటర్ ఫ్రెండ్ భయపడుతోంది. "నేను ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చి హాయిగా చదువుకోవాలి" అన్నావిడ మాట కూడా నాకు నచ్చింది, ఆవిడ హక్కు ఆవిడది. నీ రెండో చాప్టర్లో లాండ్రోమాట్ (డబ్బులేసి బట్టలుతుక్కునే షాపు) సీను చదువుతూ నేను ఒక్కదాన్నే పైకి నవ్వాను. అలాంటివి తగ్గించకు. ఇంటిపేరు చెప్పినంత మాత్రాన ముద్దు సీను చెడిపోదు.

డ్రాఫ్టు మీ నాన్న కూడా చదివారు, నా టేబుల్ మీద నుంచి తీసుకుని. ప్రేమ గురించి ఏమీ అనలేదు. పదిహేనో చాప్టర్లో రవి ఉద్యోగం పోయాక ఆరు నెలలు ఖాళీగా తిరిగాడని మాత్రం పట్టుకున్నారు. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాడికి 60 రోజులే గడువు, ఆ తర్వాత అక్కడ ఎలా ఉన్నాడని అడుగుతున్నారు. మాటేయో అమెరికన్ సిటిజన్ కదా, పెళ్ళి చేసుకుంటే గ్రీన్ కార్డు వస్తుంది, మరి రవి కార్డు కోసమే చేసుకున్నాడని ఎవరైనా అంటే మాటేయో ఏమంటాడు అని కూడా అడిగారు. నాకు తట్టలేదు. నీకు తడితే రాయి. ఈసారి పంపేటప్పుడు అక్షరాలు కాస్త పెద్దవి చేసి పంపు.

ఉంటాను,
అమ్మ
తెనాలి