సభలో బలాబలాలు రాస్తే పక్కన తేదీ కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

తెలంగాణ రెండో శాసనసభ ప్రస్తావన వచ్చినప్పుడల్లా పత్రికల్లో కనిపించే పట్టిక ఒక్కటే: టీఆర్ఎస్ 88, కాంగ్రెస్ 19, మజ్లిస్ 7, తెలుగుదేశం 2, బీజేపీ 1, ఫార్వర్డ్ బ్లాక్ 1, స్వతంత్రుడు 1. అది 2018 డిసెంబరు 11 నాటి ఓట్ల లెక్కింపు ఫలితం. ఐదేళ్ల సభకు దాన్నే వాడితే ఆ తర్వాత జరిగింది ఏదీ అర్థం కాదు.

మొదట సభ్యుల సంఖ్యే చూద్దాం. ఎన్నికైనవారు 119 మంది. నామినేటెడ్ ఆంగ్లో ఇండియన్ సభ్యుడు స్టీఫెన్‌సన్‌తో కలిపి 120. అందుకే మంత్రుల సంఖ్య 18 దాటడానికి వీల్లేదు, సభ్యుల్లో 15 శాతానికి మించి మంత్రులు ఉండకూడదన్న పరిమితి అక్కడికే వస్తుంది. 2018 డిసెంబరు 13న ప్రమాణం చేసింది కేసీఆర్, మహమూద్ అలీ మాత్రమే. 2019 ఫిబ్రవరి 19న 10 మంది, సెప్టెంబరు 8న ఆరుగురు చేరాకే 18 నిండింది. అంటే రెండు నెలలకు పైగా రాష్ట్రాన్ని ఇద్దరే నడిపారు. ‘కేసీఆర్ రెండో మంత్రివర్గం’ అని ఒకే జాబితా వేస్తే ఈ సంగతి పూర్తిగా మరుగున పడిపోతుంది.

సభ గడువు లెక్కలోనూ తరచూ తప్పు దొర్లుతోంది. ఐదేళ్లు మొదలయ్యేది ఫలితాల రోజు నుంచీ కాదు, ముఖ్యమంత్రి ప్రమాణం నుంచీ కాదు, సభ మొదటిసారి సమావేశమైన రోజు నుంచి. ఆ రోజు 2019 జనవరి 17. ప్రొటెం (తాత్కాలిక) స్పీకర్‌గా ముంతాజ్ అహ్మద్ ఖాన్ సభ్యులతో ప్రమాణం చేయించారు. మర్నాడు పోచారం శ్రీనివాస్ రెడ్డి ఏకగ్రీవంగా స్పీకర్ అయ్యారు. ఫిబ్రవరిలో పద్మారావు గౌడ్ డిప్యూటీ స్పీకర్ అయ్యారు.

అసలు చిక్కంతా 2019 జూన్ మొదటి వారంలో ఉంది. కాంగ్రెస్ ఎమ్మెల్యేలు మార్చి నుంచే ఒకరి తర్వాత ఒకరు టీఆర్ఎస్ వైపు వెళ్తున్నారు. కానీ సభ రికార్డులో వాళ్లు అప్పటికీ కాంగ్రెస్ సభ్యులే. పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే రాజ్యాంగ పదో షెడ్యూలు ప్రకారం విలీనం అనాలంటే శాసనసభా పక్షంలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. 19 మందిలో రెండొంతులంటే 12.67, అంటే 13 మంది కావాలి. నల్గొండ ఎంపీగా గెలిచిన ఉత్తమ్ కుమార్ రెడ్డి జూన్ 5న హుజూర్‌నగర్ స్థానానికి రాజీనామా చేశారు. దాంతో పక్షం బలం 18కి, కావలసిన సంఖ్య సరిగ్గా 12కి దిగింది. జూన్ 6న ఆ పన్నెండు మంది స్పీకర్‌కు లేఖ ఇచ్చారు. అదే రోజు విలీనాన్ని ఆమోదిస్తూ బులెటిన్ వెలువడింది. ఒక్క రాజీనామా, ఒక్క రోజు తేడా. ఈ రెండు తేదీలు పట్టికలో లేకపోతే ‘12 మందిపై అనర్హత వేటు ఎందుకు పడలేదు’ అని అడిగే పాఠకుడికి జవాబు దొరకదు.

దాని ప్రభావం సభా నాయకత్వం మీదా పడింది. జనవరిలో ప్రతిపక్ష నేతగా గుర్తింపు పొందిన మల్లు భట్టి విక్రమార్క జూన్ 6తో ఆ హోదా కోల్పోయారు. కాంగ్రెస్‌కు మిగిలింది ఆరుగురే, ఆ హోదాకు సభలో పదో వంతు అంటే 12 మంది ఉండాలి. ఏడుగురున్న మజ్లిస్ పెద్ద ప్రతిపక్షం అయింది గానీ, దానికీ ఆ సంఖ్య లేదు. సెప్టెంబరులో ప్రజా పద్దుల కమిటీ ఛైర్మన్ పదవి అక్బరుద్దీన్ ఒవైసీకి దక్కింది. కాబట్టి 2019 జూన్ తర్వాత భట్టిని ‘ప్రతిపక్ష నేత’ అని రాయడం తప్పు. ఆయన సీఎల్పీ (కాంగ్రెస్ శాసనసభా పక్షం) నేత మాత్రమే.

ఇక ఉప ఎన్నికలు. హుజూర్‌నగర్‌ను 2019 అక్టోబరులో టీఆర్ఎస్ గెలుచుకుంది. సోలిపేట రామలింగారెడ్డి మరణంతో ఖాళీ అయిన దుబ్బాక 2020 నవంబరు 10న 1,079 ఓట్ల తేడాతో బీజేపీకి పోయింది. నోముల నర్సింహయ్య స్థానం నాగార్జునసాగర్‌లో 2021 మే 2న ఆయన కుమారుడు భగత్ గెలిచారు, పార్టీ మారలేదు. ఈటల రాజేందర్ రాజీనామా చేసిన హుజూరాబాద్‌లో 2021 నవంబరు 2న ఆయనే బీజేపీ తరఫున గెలిచారు. మునుగోడు 2022 నవంబరు 6న కాంగ్రెస్ లెక్క నుంచి టీఆర్ఎస్ లెక్కలోకి వచ్చింది. మధ్యలో 2021 ఏప్రిల్‌లో తెలుగుదేశం ఎమ్మెల్యేలిద్దరూ టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. రామగుండం (ఫార్వర్డ్ బ్లాక్), వైరా (స్వతంత్ర) ఎమ్మెల్యేలు అంతకు ముందే అటు చేరారు.

ఇప్పుడు మునుగోడు ఫలితం నాటికి కూడి చూడండి. టీఆర్ఎస్ 88కి కాంగ్రెస్ నుంచి 12, తెలుగుదేశం 2, రామగుండం, వైరా 2, హుజూర్‌నగర్, మునుగోడు కలిపి, దుబ్బాక, హుజూరాబాద్ తీసేస్తే 104. కాంగ్రెస్ 5, బీజేపీ 3, మజ్లిస్ 7. మొత్తం 119. ఏ పట్టికకైనా చివర ఈ కూడిక సరిపోవాలి. సరిపోలేదంటే ఎక్కడో ఖాళీనో విలీనాన్నో వదిలేశారన్నమాట. ఆ ముగ్గురు బీజేపీ వారిలో రాజాసింగ్‌ను పార్టీ 2022 ఆగస్టులో సస్పెండ్ చేసింది. అంతమాత్రాన ఎమ్మెల్యే పదవి పోదు, కాబట్టి లెక్కలోంచి తీసేయకూడదు.

శాసనమండలిని మాత్రం ఈ పట్టికలో కలపకండి. అది రద్దయ్యే సభ కాదు. సభ్యుల్లో మూడో వంతు రెండేళ్లకోసారి దిగిపోతారు. 2019 సెప్టెంబరులో ఛైర్మన్ అయిన గుత్తా సుఖేందర్ రెడ్డి సభ్యత్వం 2021 జూన్‌లో ముగిస్తే, 2022 మార్చిలో మళ్లీ ఎన్నికయ్యేదాకా ప్రొటెం ఛైర్మన్లే నడిపారు. దానికి వేరే పట్టిక కావాలి.

మీ పత్రిక ఇకపై సభ బలాబలాలు ప్రచురించేటప్పుడు నియోజకవర్గం, సభ్యుడు, పార్టీ అనే మూడు గడుల పక్కన ‘ఎప్పటి నుంచి’, ‘ఎప్పటి వరకు’, ‘కారణం’ అనే మరో మూడు పెట్టాలని కోరుతున్నాను. సికింద్రాబాద్ కంటోన్మెంట్ వరుసలో సాయన్న పేరు 2023 ఫిబ్రవరి 19తో ఆగాలి. గడువు ఏడాదిలోపే ఉంది కనుక అక్కడ ఉప ఎన్నిక జరగలేదు. ఆ తర్వాతి గడిలో ఏ పార్టీ పేరూ వేయకుండా ‘ఖాళీ’ అని రాయండి.

— శాసనసభ వ్యవహారాలు గమనించే పాఠకుడు, హైదరాబాద్