ఫాంట్‌లో తెలుగు వచ్చింది, కానీ ఇంగ్లిష్ అంత ఇరుకుగా ఉండదు

మా కండెన్స్‌డ్ (ఇరుకు అక్షరాల) ఫాంట్ కొన్న డిజైనర్లకు, డీటీపీ, ఫ్లెక్స్ షాపులవాళ్లకు నమస్కారం. పాతకాలం పోస్టర్ల తరహాలో చేసిన ఆ ఇంగ్లిష్ ఫాంట్‌కు ఇప్పుడు తెలుగు అక్షరాలు చేర్చాం. ఇదివరకే కొన్నవాళ్లకు ఉచితం. చాలామంది అడిగినంత ఇరుకు మాత్రం తెలుగులో ఇవ్వలేదు, ఇవ్వం కూడా.

ఇంగ్లిష్ క్యాపిటల్స్ 1903లో అమెరికన్ డిజైనర్ మోరిస్ ఫుల్లర్ బెంటన్ గీసిన ఆల్టర్నేట్ గోథిక్ అనే ఇరుకు ఫాంట్ బాటలో ఉంటాయి. పక్కలు నిటారు, గుండ్రం పైనా కిందా మాత్రమే. తెలుగును అలా నొక్కుతూ పోతే ‘థ’లో చుక్క పూడిపోయి ‘ధ’గా కనిపిస్తుంది. ‘ఢ’ కింది గీత అక్షరానికి అతుక్కుని ‘డ’ అయిపోతుంది. షాపు పేరే తప్పు చదివించే బోర్డు ఎంత అందంగా ఉండి ఏం లాభం? అందుకే తెలుగు అక్షరాలు కాస్త వెడల్పుగానే ఉంచి, గీతల మందం ఇంగ్లిష్‌తో కలిపాం.

జాగా చాలకపోతే పేరును రెండు లైన్లు చేయండి, లేదా సైజు తగ్గించండి. దయచేసి కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో పక్కనుంచి నొక్కకండి. వెడల్పు 70 శాతం చేస్తే నిలువు గీతల మందమూ 70 శాతానికి పడిపోతుంది. అడ్డగీతలు తగ్గవు. దూరం నుంచి చూస్తే అక్షరం పైనా కిందా బరువుగా, మధ్యలో నీరసంగా కనబడుతుంది. బోల్డ్ బటన్ కూడా వద్దు, అది లోపలి కన్నాలను పూడ్చేస్తుంది.

లైన్ల మధ్య ఎడం ముఖ్యం. ఇంగ్లిష్ క్యాపిటల్స్‌కు సైజులో 95 శాతం లీడింగ్ (లైనుకూ లైనుకూ దూరం) సరిపోతుంది. తెలుగుకు 140 శాతంతో మొదలుపెట్టండి. పై లైనులో ‘రాష్ట్ర’, ‘లక్ష్మి’ లాంటి ఒత్తులుండి, సరిగ్గా వాటి కింద ‘శ్రీ’ వస్తే 150కి వెళ్లాలి. 24 పాయింట్ల లోపు ఈ ఫాంట్ వాడకండి. విజిటింగ్ కార్డులో పేరుకు సరే, అడ్రసుకు పనికిరాదు.

ఒత్తులు విడిపోయి పొల్లు కనిపిస్తే లోపం ఫాంట్‌ది కాదు. ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ కంపోజర్, పాత ఫొటోషాప్ వెర్షన్లయితే టైప్ ప్రిఫరెన్సుల్లో వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి. ఇది యూనికోడ్ ఫాంట్. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన పాత మేటర్‌కు ఫాంట్ మారిస్తే ఇంగ్లిష్ అక్షరాల గందరగోళమే వస్తుంది, ముందు యూనికోడ్‌లోకి మార్చుకోండి.

ఫ్లెక్స్‌కు పంపేముందు కర్వ్స్ చేయండి, అంటే అక్షరాలను బొమ్మల్లా మార్చండి. వినైల్ కటింగైతే దాంతోపాటు వెల్డ్ (తాకే ఆకారాలను ఒకటిగా కలపడం) కూడా చేయాలి, లేకపోతే గుణింతం అక్షరాన్ని తాకినచోట ప్లాటర్ (కోసే మెషిన్) అడ్డంగా కోసేస్తుంది. అంగుళం కన్నా చిన్న అక్షరాల్లో ‘థ’, ‘ఠ’ చుక్కలు వినైల్ ఒలిచేటప్పుడు ఊడొస్తాయి, అవి ప్రింట్ చేయించుకోవడమే మేలు.

తెలుగు అంకెలు ఇందులో లేవు. పాత ఫాంట్ ఫైలు పూర్తిగా తీసేసి, సిస్టం రీస్టార్ట్ చేశాకే కొత్తది ఇన్‌స్టాల్ చేయండి. రెండూ ఉంటే కొన్ని సాఫ్ట్‌వేర్లు పాతదే పట్టుకుని తెలుగు చోట డబ్బాలు చూపిస్తాయి.