గడ్డి మందుకు గడ్డి ఒక్కటే తెలుసా?

సంపాదకుడి గారికి,

మీ వ్యవసాయ పేజీలో పది రోజుల క్రితం వచ్చిన గడ్డి మందు వ్యాసానికి ఎవరైనా జవాబు రాస్తారేమోనని ఎదురుచూశాను. ఎవరికీ తీరిక లేనట్టుంది. పారాక్వాట్ అనే ఆ గడ్డి మందు పచ్చని ఆకు మీదే పనిచేస్తుందనీ, మనిషిలో పత్రహరితం లేదు కనుక భయపడనక్కర్లేదనీ ఒక అధికారి సెలవిచ్చారు. ముప్పయ్యేళ్లు డిగ్రీ పిల్లలకు జీవరసాయనం చెప్పినవాణ్ణి. పరీక్షలో ఈ జవాబు రాసిన కుర్రవాడికి సున్నా వేసేవాణ్ణి.

ఆకులో ఈ మందు చేసేది కిరణజన్య సంయోగక్రియలో నడిచే ఎలక్ట్రాన్లను దారిలో కాజేసి ఆక్సిజన్‌కు అంటగట్టడం. అలా పుట్టిన విషపు ఆక్సిజన్ ఆకును మాడుస్తుంది. మందు మాత్రం మళ్లీ ఖాళీ చేతులతో తర్వాతి దొంగతనానికి సిద్ధం. మన కణాల్లో ఎలక్ట్రాన్లు నడిచే దారి లేదా? కణానికి శక్తి తయారుచేసిపెట్టే మైటోకాండ్రియాలో జరిగేదేమిటి మరి? పైగా ఊపిరితిత్తుల కణాలు ఈ మందును తామే లోపలికి లాక్కుంటాయి. అక్కడ ఆక్సిజన్ ఎక్కువైతే ఈ దొంగతనమూ ఎక్కువే. అందుకే ఈ విషం ఎక్కినవారికి ఆక్సిజన్ పెట్టాలన్నా డాక్టర్లు వెనకాడతారు. విరుగుడు లేదు. ఆ ఒక్క ముక్కకు మీ వ్యాసంలో చోటు దొరకలేదు. ట్యాంకుకు ఎన్ని మిల్లీలీటర్లు కలపాలో మాత్రం రంగుల పట్టిక వేశారు.

1982లో కాలిఫోర్నియాలో దొంగచాటు మత్తుమందు ఎక్కించుకున్న కొందరు యువకులు పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బు ముదిరిన వృద్ధుల్లా కొయ్యబారిపోయారు. అందులో కలిసిన ఎంపీటీపీ అనే రసాయనం మెదడులో ఎంపీపీ ప్లస్ అనే మరో రసాయనంగా మారి, మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్ల దారికి తొలి మెట్టయిన మొదటి కాంప్లెక్స్‌ను ఆపేస్తుందని ప్రయోగశాలల్లో తేలింది. ఆ ఎంపీపీ ప్లస్ అణువు బొమ్మా పారాక్వాట్ అణువు బొమ్మా పక్కపక్కన గీస్తే అన్నదమ్ములంటారు. పారాక్వాట్‌తో ఆ జబ్బు వస్తుందా అన్నది ఇంకా వాదనలోనే ఉంది, కాదనను. వాదన ఉందన్న సంగతైనా రైతుకు చెప్పాలి కదా!

స్వీడన్ 1983లో, స్విట్జర్లాండ్ 1989లో దీన్ని వద్దన్నాయి. ప్రపంచమంతా అమ్ముకున్న పెద్ద కంపెనీ కాపురం ఆ స్విట్జర్లాండ్‌లోనే, అది వేరే ముచ్చట. మన 1968 నాటి పురుగుమందుల చట్టం రాష్ట్రానికి ఇచ్చిన అధికారం అరవై రోజులు, పొడిగిస్తే మరో ముప్పై రోజులు అమ్మకం ఆపడం వరకే. ఆ కాస్త గడువులో మన ఆఫీసుల్లో ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్లకు కూడా చేరదు.

మొన్న మా వీధి చివరి దుకాణంలో ఈ మందును మంచినీళ్ల సీసాలో పోసి ఒక కూలీకి ఇచ్చారు. అసలు సీసా అడిగి తీసుకుని, లేబుల్ చదవడానికి భూతద్దం తెప్పించుకున్నాను. ఆ కూలీ మర్నాడు వీపు మీద కారుతున్న ట్యాంకుతో, కాళ్లకు చెప్పులు లేకుండా కొడుతూ కనిపించాడు. తప్పు అతనిదేనని మీ అధికారి అంటారు కాబోలు.

కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని కండరం నుంచి 1929లో వేరుచేసినవారిలో ఒకరైన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టిన ఊరు మాది. ఆ ఏటీపీలో అధిక భాగం తయారయ్యేది మైటోకాండ్రియాలోనే. జయంతి రోజున ఆయన పటానికి దండ వేసి ఫొటో దిగే పెద్దల్లో ఈ సంగతి తెలిసినవారు ఎందరో!

సవరణ వేస్తారన్న ఆశ పెద్దగా లేదు. వేస్తే మాత్రం దయచేసి ఆ సీసా లేబుల్ కంటే కాస్త పెద్ద అక్షరాల్లో వేయండి.

– ఒక విశ్రాంత అధ్యాపకుడు, భీమవరం