వీడియో చూసి రమ్మంటే పిల్లలు ఎక్కడ చూడాలి? విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

పాఠం ఇంటి దగ్గరే వీడియోలో చూసి రావాలి, క్లాసు టైమంతా మాట్లాడటానికి, ప్రాక్టీస్‌కి వాడాలి. ఈ ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ పద్ధతి గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు సార్. పై వాళ్లకు దరఖాస్తులు పెట్టి పెట్టి విసిగిపోయి, ఇక దారి లేక ఇలా అందరి ముందూ రాస్తున్నాను. నేను దేవరకొండ వైపు డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పే పార్ట్‌టైమ్ లెక్చరర్‌ని.

ఈ పద్ధతి మంచిదే. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు ఇంగ్లిష్ మాట్లాడే చోటు ఆ ఒక్క పీరియడే, అందులో కూడా నేనే మాట్లాడుతూ పోతే వాళ్లు నోరు విప్పేది ఎప్పుడు? కానీ ఇంటి దగ్గర వీడియో చూడాలంటే ఫోన్ ఉండాలి కదా సార్.

చందంపేట వైపు తండా నుంచి వచ్చే అమ్మాయి ఒకరున్నారు మా క్లాసులో. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయిన వాళ్ల నాన్న దగ్గర ఉంటుంది. ఆయన ఏ ఆదివారమో వస్తే వారం వీడియోలన్నీ ఆ పూటే చూస్తుంది, అదీ సిగ్నల్ ఉంటే. అలా చూసొచ్చిన ఒక సోమవారం ఇంటర్వ్యూ ప్రాక్టీస్ పెడితే అందరికంటే ముందు లేచి, పత్తి ఏరే పని గురించి ఇంగ్లిష్‌లో తడుముకుంటూనే చివరిదాకా చెప్పింది. నాన్న రాని వారం అదే అమ్మాయి వెనక బెంచీలో తల వంచుకుని కూర్చుంటుంది. తెలివి లేక కాదు సార్, వీడియో దొరక్క! సగం మంది పరిస్థితి ఇదే. వాళ్ల కోసం పాఠం మళ్లీ మొదటి నుంచి చెబితే గంట కొట్టేస్తారు, చూసొచ్చిన వాళ్లు కూడా మరుసటి వారం నుంచి చూడటం మానేస్తారు. మాకేమో ఫొటోలు పంపండి, రిపోర్ట్ పంపండి అని పై నుంచి ఒకటే టెన్షన్. పిల్లలు మాట్లాడుతున్నారా అని మాత్రం ఒక్కరూ అడగరు. రాత్రిళ్లు కూర్చుని మేం చేసే వీడియోలకు పైసా లెక్క లేదు, సరే, అది తర్వాత చూద్దాం.

2007లో అమెరికాలోని కొలరాడోలో ఈ పద్ధతి మొదలుపెట్టిన ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు ఇంటర్నెట్ లేని పిల్లలకు పాఠాలు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు, కంప్యూటర్ కూడా లేకపోతే డీవీడీలు చేసిచ్చారు. పద్ధతి తెచ్చుకున్నప్పుడు అది కూడా తెచ్చుకోవాలి కదా?

మా కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ ఉంది, నాలుగింటికే తాళం వేస్తారు. పిల్లల బస్సు ఆ తర్వాత ఎప్పుడో. ఆ మధ్య టైమంతా బస్టాండ్‌లో పోతోంది. బస్సు వచ్చేదాకా ల్యాబ్ తెరిచి ఉంచమనండి సార్, వీడియోలు అందులో వేసి పెట్టే పని నాది. పాఠాలు చెప్పే ప్రభుత్వ టీవీ ఛానళ్లు, టీ-శాట్, ఉండనే ఉన్నాయి, మా సిలబస్ వరుసలో ఇంగ్లిష్ పాఠాలు సాయంత్రం పూట వేయించండి, టీవీ ఉన్న ఇళ్లలోనైనా చూస్తారు. దండం పెట్టి అడుగుతున్నాను, ఈ సెమిస్టర్ అయిపోకముందే ఏదో ఒకటి చేయండి. ముందు ఆ ల్యాబ్ తాళం తీయించండి.

ఇట్లు,
ఒక ఇంగ్లిష్ లెక్చరర్,
నల్లగొండ జిల్లా